మీకు తెలుసా? తిన్నింటి వాసాలు లెక్కపెడదాం రండి

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడంటే మనవాళ్ళకి ఎంత చిన్నచూపో చెప్పనక్కర్లేదు. కానీ పాత ఇల్లు బాగుచేయించాలని తెలిసిన మేస్త్రిని పిలిస్తే, ఆయన గడప దాటగానే చేసేది అదే పని. తల పైకెత్తి వాసాలు లెక్కపెడతాడు. ఏది వంగింది, దేనికి చెద పట్టింది, ఏ దూలం కింద ఎప్పుడో ఎవరో తాటిపట్టె ఊతం పెట్టి వదిలేశారు, అన్నీ అక్కడే తేలిపోతాయి. గోడల సంగతి ఆ తర్వాతే.

బందరు నుంచి గుడివాడ దాకా, అటు అవనిగడ్డ, నాగాయలంక దాకా ఇంకా అక్కడక్కడ నిలబడి ఉన్న పెంకుటిళ్ళ గురించీ, మండువా లోగిళ్ళ గురించీ కొన్ని ముచ్చట్లు ఇవి. కొన్ని వినగానే "అవునా!" అనిపిస్తాయి. కొన్ని మీ తాతగారింట్లో మీ కళ్ళ ముందే ఉండి మీరు పట్టించుకోనివి.

బందరు ఒకప్పుడు చెక్క ఊరు

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో ఓడ దిగింది మచిలీపట్నం, అంటే మన బందరు రేవులోనే. గోల్కొండ రాజ్యానికి అప్పట్లో అదే పెద్ద రేవు. డచ్చివాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే అక్కడ వర్తకం మొదలుపెట్టారు. అంత పేరున్న పట్నం గురించి తావెర్నియే రాసిపెట్టిన సంగతి ఏమిటంటే, ఊరు పెద్దదే గానీ ఇళ్ళన్నీ చెక్కవేనట, ఒకదానికొకటి కాస్త ఎడంగా ఉంటాయట.

తాటాకు కప్పుల ఊళ్ళో ఒక్క ఎండాకాలం గడిపినవాళ్ళకి ఆ ఎడం ఎందుకో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక్క నిప్పురవ్వ చాలు, వరసంతా బుగ్గి.

ఆ చెక్క ఇళ్ళు మన దాకా రాలేదు. వచ్చినవేమిటో చూడండి: బందరుకోటలో డచ్చివాళ్ళ కాలపు ఆయుధాగారం శిథిలాలు, ఊళ్ళో వాళ్ళ సమాధులు. మందుగుండుకీ, పోయినవాళ్ళకీ ఇటుకా సున్నం. బతికున్న మామూలు జనానికి కర్రా, మట్టీ, తాటాకూ. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని పేటల పేర్లు మాత్రం మిగిలాయి.

గోడ పడిపోయినా ఇల్లు పడిపోదు

జర్మనీ పల్లెల ఫొటోలు చూసే ఉంటారు. తెల్లగోడల మీద అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా నల్లటి చెక్కలు కనిపిస్తుంటాయి. అవి అలంకారం కోసం అతికించినవి కావు. బరువంతా ఆ చెక్క చట్రమే మోస్తుంది. మధ్య ఖాళీల్లో సన్నటి కొమ్మలు అల్లి, గడ్డి కలిపిన మట్టి మెత్తుతారు. ఇలాంటి ఇళ్ళతో నిండిన క్వెడ్లిన్‌బుర్గ్ అనే ఊరిని యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మన తడిక గోడ ఏమిటి మరి? గుంజలు పాతి, వెదురు బద్దలో కంపో అల్లి, రెండు పక్కలా మట్టి మెత్తి, పేడతో అలికితే గోడ. కప్పు బరువు మోసేది గుంజలూ, నడిమధ్య నిట్టాడీ. వరదకి మట్టి కరిగి జారిపోయినా కప్పు అలాగే నిలబడుతుంది. నీళ్ళు తీశాక మళ్ళీ మట్టి మెత్తుకుంటారు. మండువా లోగిలికి వచ్చేసరికి పద్ధతి కొంచెం మారుతుంది. బయటి గోడలు మూరకి పైబడిన మందంతో మట్టితోనో ఇటుకతోనో ఉండి బరువు మోస్తాయి. లోపల మండువా చుట్టూ మాత్రం చెక్క స్తంభాలే. సగం గోడ ఇల్లు, సగం కర్ర ఇల్లు అన్నమాట.

ఇలాంటి చెక్క చట్రపు గోడని కశ్మీరులో ధజ్జీ దీవారీ అంటారు. 2005 అక్టోబరు 8న భూకంపం వచ్చినప్పుడు కాంక్రీటు ఇళ్ళు కూలిన చోట కూడా ధజ్జీ ఇళ్ళు చాలా నిలబడ్డాయి. పాకిస్తాన్ వైపు ఇళ్ళు మళ్ళీ కట్టేటప్పుడు ప్రభుత్వమే ఆ పద్ధతికి ఆమోదం ఇచ్చింది. "పాతకాలపు ఇల్లు" అని పెదవి విరిచే ఇంజనీర్లు మన దగ్గర తక్కువేం లేరు. వాళ్ళకి ఈ మాట చెప్పి చూడండి.

మూడొందల ఏళ్ళ ఇల్లు అంటే నమ్మకండి

కృష్ణా డెల్టాలో ఏ పాత లోగిలికి వెళ్ళినా ముందు వినపడే మాట ఇది. ఇంటివాళ్ళ మీద గౌరవంతో తల ఊపవచ్చు గానీ, లెక్క వేరే చెబుతుంది.

1832-33 కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే అయిదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది పోయారని లెక్కలున్నాయి. కృష్ణకి ఇవతలా అవతలా కూడా అప్పటి సేద్యం వానను నమ్ముకున్నదే. బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాటన్ దొర పథకం, కెప్టెన్ ఓర్ చేతి పని. ఆ తర్వాతే కాలువలు, కాలువల వెంట వరి, వరి వెంట రొక్కం. గాదెల నిండా ధాన్యం లేనివాడు మండువా లోగిలి కట్టలేడు. అందుకని, నా లెక్కలో, లోపలి ఊళ్ళలో మనం చూసే పెద్ద ఇళ్ళలో ఎక్కువ భాగం ఆనకట్ట తర్వాతి తరాలవే.

బందరు చుట్టుపక్కల ఇంకో అడ్డుగీత ఉంది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడింది. సుమారు 30,000 మంది పోయారు. కోటలోని పటాలాన్ని ఇంగ్లీషువాళ్ళు ఆ తర్వాత ఎత్తేశారు. సముద్రం అంత లోపలికి వచ్చిన చోట మట్టి గోడల ఇళ్ళు ఎన్ని మిగిలి ఉంటాయో మీరే ఊహించండి. అలాగని ఇంటి విలువేం తగ్గదు. నూట ముప్ఫై ఏళ్ళు కూడా తక్కువేం కాదు.

పెంకు వెనక 1865 అని ఉంటే అది ఇంటి వయసు కాదు

కప్పు మీంచి ఒక పెంకు తీసి తిరగేయండి. వెనకవైపు ఇంగ్లీషు అక్షరాల్లో కంపెనీ పేరు, ఊరు పేరు, ఒక్కోసారి ఒక సంవత్సరం కూడా ముద్ర వేసి ఉంటుంది. మనం "బెంగుళూరు పెంకు" అని పిలిచే ఈ బల్లపరుపు పెంకు పుట్టింది బెంగుళూరులో కాదు, మంగుళూరులో. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ తరఫున వచ్చిన జర్మను ప్లెబ్‌స్ట్, నేత్రావతి నది మట్టితో 1865లో అక్కడ కార్ఖానా పెట్టాడు. కంపెనీవాళ్ళు ఆ సంవత్సరాన్నే గర్వంగా పెంకుల మీద అచ్చు వేసుకుంటూ పోయారు. ఇంకో మంగుళూరు కంపెనీ అల్బుకెర్క్ వాళ్ళది 1868. అది కూడా కంపెనీ పుట్టిన ఏడే. 1920లలో కప్పిన పెంకు మీద కూడా 1868 ఉండవచ్చు. దాన్ని చూసి "మా ఇల్లు 1868ది" అని ఫలకం చెక్కించుకునేవాళ్ళు ఉంటారు.

అయినా పెంకు పనికిరాని సాక్షి కాదు. బాసెల్ మిషన్ కార్ఖానాలు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి వెళ్ళాయి. కాబట్టి వెనక బాసెల్ మిషన్ పేరుంటే పెంకు ఆ యుద్ధానికి ముందరి రోజులది, కామన్‌వెల్త్ పేరుంటే తర్వాతిది. బందరుకి రైలు 1908లో వచ్చింది. అంత బరువు సరుకు బస్తీ దాకా చవగ్గా చేరడం ఆ తర్వాత మరీ తేలికయింది. ఒక్క జాగ్రత్త: పెంకు ఒక ఇంటి మీంచి దిగి ఇంకో ఇల్లెక్కుతుంది. కాబట్టి ఒక్క పెంకు చూసి తీర్పు చెప్పకూడదు. నాలుగు వాలుల మీదా నాలుగేసి తిరగేసి చూడాలి.

అంతకుముందున్నవి నాటు పెంకులు. కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా చీల్చి కాల్చినవి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పరుస్తారు. కోతి గెంతినా పిల్లి పరిగెత్తినా జరిగిపోతాయి. ఏటా తొలకరికి ముందు పెంకు సర్దించకపోతే వానాకాలమంతా ఇంట్లో గిన్నెలు పరుచుకోవడమే.

టేకుకి చేవ లోపల, తాటికి చేవ బయట

ఈ ఒక్కటి తెలిస్తే డెల్టా ఇంటి కప్పు సగం అర్థమైనట్టే.

టేకు మానులో నడిమధ్య ఉండేది చేవ, చుట్టూ ఉండే లేతరంగు చెక్క చెదకి విందు. చేవలో టెక్టోక్వినోన్ అనే సహజ రసాయనం ఉంటుంది. చెదకి అది గిట్టదు. నూరేళ్ళ దూలం కూడా చెక్కుచెదరకుండా ఉండడానికి కారణం అదే. తాటిచెట్టు అలా కాదు. అది గడ్డిజాతికి దగ్గర చుట్టం, ఏటా వలయాలు వెయ్యదు. గట్టిదనమంతా బయటి నల్లటి పట్టెలో ఉంటుంది, లోపలిది మెత్తటి పీచు. అందుకే ముదురు తాడిని నిలువునా చీల్చి, లోపలి గుజ్జంతా చెక్కేసి, పట్టెలుగా వాడతారు. లేత తాడి పట్టె వేస్తే నాలుగు వానలకే పుచ్చుతుంది. పాత కప్పు విప్పేటప్పుడు తాటి వాసం తీసి అవతల పారేసి "టేకు అయితే ఉంచుదాం" అనేవాళ్ళు ఉంటారు. ముదురు తాటిపట్టెని అలా పారేయడం దండగ. సన్నకారు టేకు కంటే అది నయం.

మరి కొండే లేని ఈ నేలకి టేకు ఎక్కడిది? ఏజెన్సీ అడవుల్లో నరికిన మానులు తెప్పలుగా కట్టి గోదావరిలో రాజమండ్రి దాకా వదిలేవారు. గోదావరి కాలువల్ని కృష్ణా కాలువలతో కలిపింది ఏలూరు కాలువ. బెజవాడ నుంచి బందరు కాలువ ఉండనే ఉంది. కాలువలు తవ్వింది సాగుకే అయినా పడవలకీ అవే దారి. ఇంకాస్త ఉన్నవాళ్ళు రంగూను టేకు తెప్పించుకున్నారు. బర్మాకి వలస వెళ్ళిన తెలుగువాళ్ళు అప్పట్లో కొల్లలు, ఓడలు వస్తూ పోతూ ఉండేవి. 1942 మార్చిలో జపాను సైన్యం రంగూనులో దిగడంతో ఆ దారి మూసుకుపోయింది.

దూలం పుచ్చేది నడుమ కాదు, కొసలో

బాగుచేయించేటప్పుడు ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. కిందినుంచి చూస్తే దూలం నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. గోడలోకి దూరిన జానెడు కొస మాత్రం లోపల గుల్ల. గోడ చెమ్మంతా పీల్చేది ఆ కొసే, గాలి తగలనిదీ ఆ కొసే. స్తంభానికైతే అడుగుభాగం. అందుకే తెలిసిన పూర్వులు చెక్క స్తంభాన్ని నేలలో పాతలేదు. అడుగున ఒక రాతి దిమ్మ పెట్టి, దాని మీద నిలబెట్టారు. ఈ రాయి డెల్టాలో దొరకదు, దూరం నుంచి తెప్పించుకున్నదే. స్తంభం వరకు దిమ్మలూ, అరుగు మీదికి నాలుగు నాపరాళ్ళూ తెప్పించుకుంటే అదే గొప్ప.

కనిపెట్టే పద్ధతి తేలిక. చిన్న సుత్తితో కొస నుంచి కొసకి తట్టుకుంటూ వెళ్ళండి. మంచి చెక్క ఖణేల్‌మంటుంది, పుచ్చింది డొల్లగా మోగుతుంది. అనుమానమున్న చోట సన్నటి మొలతో గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగుతుంది. అలాగని దూలమంతా మార్చనక్కర్లేదు. పుచ్చిన మేర కోసేసి, అదే జాతి పాత చెక్కని ఏటవాలుగా కోసి అతకవచ్చు. మంచి వడ్రంగి వేసిన అతుకు బరువు మోస్తుంది. మొత్తం మార్చేద్దాం అనే వడ్రంగి దగ్గర ఒక మాట అడగండి: తీసిన దూలం ఎవరు పట్టుకెళతారు? జవాబులోనే చాలా విషయం తెలిసిపోతుంది.

ఇనప మేకు కంటే చెక్క మేకు మేలు

సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి చెక్కని చీలుస్తుంది. అందుకే పాత వడ్రంగులు ఒక చెక్క కొసని రెండో చెక్క రంధ్రంలోకి దించి, అడ్డంగా చెక్క మేకు కొట్టారు.

మండువాలో వాన పడాలనే కట్టారు

నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశం. నాలుగు కప్పులూ లోపలికి వాలి ఉంటాయి కాబట్టి కప్పు మీద పడ్డ వానలో సగం ఇంటి నడిబొడ్డులోకే వస్తుంది. చినుకులు మొదలవగానే కప్పు మూల కింద ఇత్తడి గంగాళం పెట్టే ఇళ్ళు చాలా ఉండేవి. మంచినీళ్ళకి బావులు ఉప్పుతేలే చోట, ఆ గంగాళం నీళ్ళకి ఎంత విలువో దివిసీమవాళ్ళని అడగాలి. మిగిలిన నీళ్ళు తూము గుండా వీధిలోకి పోతాయి.

ఎండాకాలం వేడిగాలి మండువాలోంచి పైకి పోతుంది. వీధి వసారాలోంచి, పెరటి గుమ్మంలోంచి చల్లగాలిని ఇల్లు లోపలికి లాక్కుంటుంది. గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉండి, వీధిలో నిలబడితే పెరట్లో బావి కనపడడం వాస్తు కోసమే అనుకుంటాం. గాలి కోసం కూడా.

చెడేది ఎక్కడంటే, రెండు కప్పులు లోపలికి కలిసే మూలలో. అక్కడ పెంకు ఉండదు, రేకు కాలువ ఉంటుంది. ఎండుటాకులు పడి ఆ కాలువ మూసుకుపోతే నీళ్ళు వెనక్కి ఎగదన్ని కింద ఉన్న ఏటవాలు దూలాన్ని తడుపుతాయి. ఇంటి మొత్తం మీద అన్నిటికన్నా ఎక్కువ బరువు మోసే దూలాల్లో అదొకటి. నూరేళ్ళ లోగిలి కూలిపోవడానికి గుప్పెడు వేపాకులు చాలు. మండువాని గాజుతోనో ప్లాస్టిక్ రేకుతోనో మూసేసి హాలు చేసుకోవడం ఇప్పుడు వాడుక. కింద దోమలు తగ్గుతాయేమో గానీ ఇల్లు పొయ్యి మీద పెట్టినట్టవుతుంది.

సిమెంటు పూత పాత గోడకి మందు కాదు

అన్నిటికంటే ఎక్కువ ఇళ్ళు పాడైంది దీనివల్లే అని నా గట్టి నమ్మకం.

సున్నపురాయి దొరకని తీరంలో సున్నం గుల్లల నుంచి వచ్చింది. ఉప్పుటేరుల్లో ఏరుకొచ్చిన గుల్లల్ని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలిన దాని మీద నీళ్ళు పోస్తే బుసబుసా పొంగి, పొగలు కక్కి, తెల్లగా విచ్చుకుంటుంది. దానికి ఇసుక కలిపి గానుగలో వేస్తారు. గుండ్రటి కాలువలో రాతి చక్రం, దాన్ని లాగడానికి ఎద్దులు. ఎంత నలిగితే అంత జిగట. కరక్కాయలు నానబెట్టిన నీళ్ళూ, బెల్లం నీళ్ళూ పోసేది కూడా అందుకే. పూత త్వరగా ఎండి పగలకుండా, పనివాడి చేతికి మెత్తగా సాగుతుంది. గోడకెక్కాక ఆ సున్నం గాల్లోంచి బొగ్గుపులుసు వాయువుని మళ్ళీ పీల్చుకుని నెమ్మదిగా రాయిలా మారుతుంది. బట్టీలో పోగొట్టుకున్నది గోడ మీద తిరిగి తెచ్చుకుంటుందన్నమాట. దానికి నెలలు పడుతుంది. తొందరపడితే కుదరదు.

ఇప్పుడు గోడ సంగతి. పాత మట్టి గోడకైనా ఇటుక గోడకైనా అడుగున చెమ్మని ఆపే పొర ఉండదు. నేలలోని నీరు పైకి ఎగబాకుతుంది, బందరు నేల కాబట్టి నీటితోపాటు ఉప్పు కూడా. సున్నం పూతకి సన్నటి రంధ్రాలుంటాయి. చెమ్మ వాటిలోంచి ఆరిపోతుంది, ఉప్పు పూత మీద పూసి రాలిపోతుంది. ఏటా సంక్రాంతికి వెల్ల వేయడంతో ఆ రాలిన పూత సరిపోతుంది.

అదే గోడకి సిమెంటు మెత్తారనుకోండి. మొదటి ఏడాది అద్దంలా ఉంటుంది. చెమ్మకి బయటికి దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. మోకాలెత్తున ఉన్న చారిక నడుమెత్తుకి వస్తుంది. ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకని పిండి చేస్తుంది. వేలి ముడితో కొట్టి చూస్తే సిమెంటు పలక గోడని వదిలేసి డొల్లగా పలుకుతుంది. ఊడబెరికితే ఇటుకలో సగం దాని వెంటే వస్తుంది. ఈలోపు గోడలో ఉన్న దూలం కొసకి ఆ చెమ్మే చేరుతుంది.

విరుగుడు ఖరీదైంది కాదు, ఓపికది. సిమెంటు పెచ్చులు జాగ్రత్తగా తీసేయాలి. వేసవి రెండు మూడు నెలలు గోడని ఆరనివ్వాలి. ఆ తర్వాత సున్నం పూత, ఒక్కసారే మందంగా కాదు, పల్చగా పొరలు పొరలుగా, మధ్యమధ్య తడుపుతూ. ఆ పైన ప్లాస్టిక్ రంగు వెయ్యకూడదు, వెల్లే వెయ్యాలి. రంగు వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

వేసవిలో విచ్చుకునే పగులు, వానకి మూసుకుపోతుంది

నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విచ్చుతుంది. దాని మీదున్న ఇల్లు కూడా ఏటా కొంచెం లేచి కొంచెం దిగుతుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే ప్రత్యేకమైన పునాది స్తంభాలను రూపొందించింది. పాతవాళ్ళకి తెలిసింది ఇసుక పునాది. లోతుగా తవ్వి, ఇసుక నింపి, నీళ్ళు పోసి దిగగొట్టి, దాని మీద గోడ లేపేవారు.

గోడ మీద పగులు కనపడగానే పూడ్పించకండి. పగులుకి అడ్డంగా సన్నటి గాజు ముక్క అంటించి, పక్కన తేదీ రాసి ఒక ఏడాది చూడండి. గాజు పగలకపోతే ఆ కదలిక ఎప్పుడో ఆగిపోయిందని. పగిలితే ముందు చూడాల్సింది గోడని కాదు, చూరునీళ్ళు ఎక్కడ పడి ఇంకుతున్నాయో దాన్ని.

గాలి కప్పుని తొయ్యదు, పైకి లాగుతుంది

తుపాను గాలి కప్పుని కిందికి అణుస్తుందని అనుకుంటాం. జరిగేది చాలావరకు దానికి విరుద్ధం. చూరు కింద దూరిన గాలి పైకి ఎత్తుతుంది, అవతలి వాలు మీద గాలి లాగుతుంది. కప్పు మరీ చదునుగా ఉంటే ఆ లాగుడు ఇంకా ఎక్కువ. రెండు వాలుల కప్పుకంటే నాలుగు వాలుల కప్పు గాలికి బాగా తట్టుకుంటుందని ఇంజనీర్లు ఇప్పుడు చెబుతున్నారు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు కట్టినవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి అసలు మూలే లేకుండా చేశారు. గుండ్రటి గోడ, గొడుగులాంటి కప్పు, వంగితే గానీ లోపలికి వెళ్ళలేనంత కిందికి దిగిన చూరు. బెస్తవాళ్ళు తాటాకు కప్పు మీద పాత వలలు పరిచి నాలుగు మూలలా గుంజలకి కట్టేస్తారు. పనికిరాని వలకి అంతకంటే మంచి ఉపయోగం లేదు.

ఇంతా చేసి, గాలికి నిలిచిన ఇల్లు నీటికి నిలవదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన అయిదు మీటర్ల ఎత్తు ఉందని అంచనా. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళ సంగతి ఇప్పటికీ అక్కడి పెద్దలు గొంతు తగ్గించి చెబుతారు. తాడిచెట్టు పట్టుకుని బతికినవాళ్ళు ఉన్నారు. ఆ తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు, కాంక్రీటు కాలనీలు చూసి తాటాకు ఇంటి మీద నింద వేశారు. కృష్ణా డెల్టాలో ఏళ్ళ తరబడి పరిశోధించిన బ్రిటిష్ పరిశోధకుడు పీటర్ వించెస్టర్ 1992లో వేసిన పుస్తకంలో మాత్రం వేరేలా తేల్చాడు. ఎవరు ఎంత నష్టపోతారన్నది సముద్రానికి ఎంత దగ్గర ఉన్నారన్న దానికంటే వాళ్ళ స్తోమత మీదే ఎక్కువ ఆధారపడిందని. మెరకన ఇల్లు, గట్టి గోడ, మళ్ళీ కట్టుకోవడానికి అప్పు పుట్టే దారి, ఇవన్నీ కలిగినవాళ్ళకే ఉండేవి. 1990 మే నెలలో అంతటి తుపానే కృష్ణా తీరాన్ని తాకినప్పుడు 967 మంది పోయారు. ముందుగా జనాన్ని తరలించడమే ఆ తేడాకి ముఖ్యకారణం.

ఇల్లు విప్పి, మోసుకెళ్ళి, మళ్ళీ కట్టవచ్చు

చెక్క మేకులు కొట్టి బిగించిన ఇంటికి ఈ సౌలభ్యం ఉంది. మద్రాసుకి దక్షిణాన ముత్తుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో, కూల్చేయబోతున్న పాత ఇళ్ళని కొని, విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. కేరళ పుదుప్పల్లి నుంచి వచ్చిన చెక్క ఇల్లు 1850 నాటిది. మన తెలుగు ఇళ్ళలో కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాడి ఇల్లూ, విశాఖ జిల్లా హరిపురం తరహా చుట్టిల్లూ అక్కడ ఉన్నాయి. కృష్ణా డెల్టా మండువా లోగిలి ఒక్కటి అక్కడ నిలబెడితే బాగుండేదని ప్రతి బందరువాడికీ అనిపిస్తుంది.

విప్పే ముందు చెయ్యాల్సింది నంబర్లు వెయ్యడం. ఏ దూలం ఏ స్తంభం మీద, ఏ కొస తూర్పు, ఏ కొస పడమర. సుద్దముక్కతో వేస్తే ఒక్క వానకి పోతాయి. రేకు బిళ్ళ మీద గుర్తు కొట్టి సీల వేయాలి. జర్మనీ వడ్రంగులు ఈ గుర్తుల్ని కట్టేటప్పుడే చెక్క మీద ఉలితో చెక్కేవారు. ఐదారొందల ఏళ్ళ ఇళ్ళలో కూడా అవి కనపడతాయి.

కవి ఇల్లయితేనే కాపాడతారు

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇల్లు, విజయనగరంలో గురజాడ ఇల్లు ప్రభుత్వ సంరక్షణలో ఉన్నాయి. ఆ గౌరవం ఇంట్లో బతికిన మనిషికి. గుడివాడ దగ్గర ఏ మోతుబరి రైతో కట్టుకున్న లోగిలికి అలాంటి పట్టా రాదు. దాని బాగోగులు చూడాల్సింది వారసులే. వారసులేమో హైదరాబాదులోనో డల్లాసులోనో ఉంటారు, వాటాలు ఏడుగురివి.

నూరేళ్ళు దాటిన చెక్కిన గుమ్మాన్ని విదేశానికి పంపకూడదు

పాత కలప వ్యాపారి ముందు అడిగేది ఇంటి ధర కాదు, వీధి గుమ్మం ధర. నగిషీ చెక్కిన ద్వారబంధం, ఇత్తడి బొడిపెల తలుపు, మండువా స్తంభాలు, ఇవి మిగిలిన ఇంటి కంటే ముందే అమ్ముడుపోతాయి. పెద్ద ఊళ్ళలో హోటళ్ళకీ, ఫామ్ హౌసులకీ ఇవంటే మోజు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాత్మక పనితనం ఉన్న వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, అలాంటిదాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి లేదు. దేశంలోపల అమ్ముకోవడం వేరు సంగతి. గుమ్మం ఊడదీయడానికి మనుషులు వస్తే, కనీసం ఆ గుమ్మం మీద ఆనిన దూలానికి ఊతం పెట్టించాకే పలుగు ఎత్తనివ్వండి. ద్వారబంధం ఒక్కటీ లాగితే ముందు వసారా కప్పంతా దిగబడిన ఇళ్ళు ఈ ప్రాంతంలో ఉన్నాయి.